రోమన్ సైనికుల మిథ్రాస్, మన సూర్య నమస్కారాల్లో మిత్రుడు: ఇద్దరూ ఒక్కరేనా?



ఈ వారం వీడియోలో ద్వాదశాదిత్యుల గురించి చెప్పుకున్నాం. టైమ్ సరిపోక మిత్రుడి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. నిజానికి ఆ పేరు దగ్గరే ఆగాలి. ఎందుకంటే ఆ పేరు మీద ఈమధ్య ఒక మెసేజ్ మన ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో మూడు మాటలుంటాయి. ఒకటి, రోమన్ సైన్యం మన వేదదేవుడైన మిత్రుణ్ణి పూజించింది. రెండు, డిసెంబర్ 25 అసలు ఆయన పుట్టినరోజే. మూడు, చర్చి వచ్చి దాన్ని తొక్కేసింది.

వినడానికి భలే ఉంటుంది. ఫార్వర్డ్ చేసేముందు ఒక్క నిమిషం. మన ఆఫీసుల్లో ఎవరైనా కోడ్ రాస్తే రివ్యూ లేకుండా ప్రొడక్షన్‌లోకి వదలం కదా? దేవుడి పేరు మీద వదిలే మాటకి కనీసం అంత రివ్యూ అయినా ఉండాలి. అందులోనూ ఈ దేవుడు ఎవరో తెలిస్తే ఆ జాగ్రత్త ఎందుకు ఇంకా ఎక్కువ అవసరమో మీకే అర్థమవుతుంది. మెల్లగా ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు రోమ్‌కి వెళ్దాం

క్రీ.శ. మొదటి శతాబ్దం చివరి నుంచి నాలుగో శతాబ్దం దాకా రోమన్ సామ్రాజ్యంలో మిథ్రాస్ అనే దేవుడి ఆరాధన బాగా నడిచింది. ఎక్కువగా ఎవరు? సైనికులు, సరిహద్దు సుంకాల దగ్గర పనిచేసే గుమస్తాలు, వ్యాపారులు, బానిసలు, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళు. పెద్ద పెద్ద ప్రభువుల మతంగా ఇది మొదలవలేదు. ఇల్లు వదిలి, ఊరు వదిలి, వేల కిలోమీటర్ల దూరంలో చలిలో కాపలా కాసేవాళ్ళ మతం.

వీళ్ళ గుడిని ఇప్పటి పరిశోధకులు మిథ్రేయం అంటారు. మన గుడిలా గోపురం ఉండదు, ఉత్సవం ఉండదు, ఊరేగింపు ఉండదు. భూమిలోకి సగం దిగిన ఒక చీకటి గది, గుహలా కడతారు. మధ్యలో నడవా, రెండు పక్కలా అరుగులు. ఆ అరుగుల మీద ఒరిగి కూర్చుని అందరూ కలిసి భోజనం చేస్తారు. చాలా గదుల్లో ముప్పై నలభై మంది పట్టడమే ఎక్కువ. మంది పెరిగితే గదిని పెద్దది చేసేకంటే ఇంకోచోట ఇంకో గది కట్టుకునేవారు. గుహ అంటే వాళ్ళకి విశ్వానికి నమూనా. ఈ మాట మూడో శతాబ్దపు తత్త్వవేత్త పోర్ఫిరీ రాశాడు. గదిలో రాశులు, గ్రహాలు, సూర్యచంద్రుల బొమ్మలు ఉండేది అందుకే.

ఆడవాళ్ళకి ప్రవేశం ఉన్నట్టు ఆధారాలు లేవు. దొరికిన శాసనాల్లో సభ్యులుగా కనిపించేది మగవాళ్ళే. లోపల ఏం జరుగుతుందో బయట చెప్పకూడదు. అందుకే దీన్ని రహస్య మతం అంటారు.

లండన్‌కి ఆన్‌సైట్ వెళ్ళినవాళ్ళు మన వ్యూయర్స్‌లో చాలామందే ఉంటారు. అక్కడ ఒక మిథ్రేయం చూడొచ్చు. 1954లో యుద్ధంలో దెబ్బతిన్న భవనాల చోట తవ్వుతుంటే వాల్‌బ్రూక్ దగ్గర ఇది బయటపడింది. మిథ్రాస్ పాలరాతి తల దొరికాక వేల మంది లైన్లు కట్టి చూశారు. కట్టింది సుమారు క్రీ.శ. 240లో. 2017 నుంచి బ్లూమ్‌బర్గ్ ఆఫీసు భవనం కింద, నేటి రోడ్డుకి ఏడు మీటర్ల లోతున, దాన్ని మళ్ళీ తెరిచారు. ఆ చోటు నుంచే 1889లో ఒక రాతి ఫలకం కూడా దొరికింది. దాని మీద ఉల్పియస్ సిల్వానస్ అనే మాజీ సైనికుడి పేరుంది. రెండవ ఆగస్టా లెజియన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ఆ రాయి ఎందుకు పెట్టించాడో తెలుసా? మొక్కు చెల్లించుకోవడానికి. లాటిన్‌లో అక్కడున్న మాటకి అర్థం సరిగ్గా అదే. తిరుపతికి నడిచి వెళ్ళి మొక్కు తీర్చుకునే మనకి ఆ మనిషి అర్థం కాకుండా పోడు.

ఎద్దు సంగతేంటి?

ఇక్కడ మనవాళ్ళకి గుచ్చుకునే విషయం ఒకటుంది. దాటేయకుండా చెప్పుకోవాలి. ప్రతి మిథ్రేయంలో గర్భగుడి లాంటి చోట ఒకే బొమ్మ ఉంటుంది. పర్షియన్ టోపీ పెట్టుకున్న యువకుడు ఒక ఎద్దు మీద మోకాలు ఆన్చి, దాన్ని పొడుస్తుంటాడు. ముఖం మాత్రం పక్కకి తిప్పుకుని ఉంటాడు. కుక్క, పాము, తేలు, కాకి చుట్టూ ఉంటాయి. ఎద్దు తోక చివర గోధుమ వెన్నులు మొలుస్తుంటాయి. రెండు పక్కలా ఇద్దరు కాగడాలు పట్టుకుని ఉంటారు. ఒకరి కాగడా పైకి, ఒకరిది కిందికి.

మన మిత్రుడు ఎద్దుని చంపడమేంటి అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ బొమ్మకి అర్థం ఏంటో వాళ్ళు రాసిపెట్టలేదు. నక్షత్ర మండలాల పటం అని కొందరు పండితులు, సృష్టి కథ అని కొందరు అన్నారు. ఇంతకీ ఇరాన్‌లోని పాత గ్రంథాల్లో మిథ్ర ఎద్దుని చంపిన కథ లేదు. ఋగ్వేదంలోనూ లేదు.

కానీ ఆశ్చర్యం కలిగించే కథ ఒకటి మన ఇంట్లోనే ఉంది. తెలుగునాట వైదికులు ఎక్కువమంది చదివేది కృష్ణ యజుర్వేదం, తైత్తిరీయ శాఖ. ఆ తైత్తిరీయ సంహిత ఆరో కాండలో ఒక చిన్న ఆఖ్యాయిక వస్తుంది. దేవతలు యజ్ఞం కోసం సోమరాజుని వధిద్దాం, నువ్వు కూడా రమ్మని మిత్రుణ్ణి అడుగుతారు. వధించడమంటే ఇక్కడ సోమలతని దంచి రసం తీయడం. మిత్రుడు ఒప్పుకోడు. నేను అందరికీ స్నేహితుణ్ణి, ఈ పని నా వల్ల కాదంటాడు. వాళ్ళు వదలరు. చివరికి సోమంలో తన కోసం పాలు కలపాలని వరం అడిగి సరేనంటాడు. అప్పుడు పశువులు ఆయన్ని వదిలి వెళ్ళిపోతాయి. స్నేహితుడై ఉండి క్రూరమైన పని చేశాడని వాటి బాధ. ఆ తర్వాత పాలు కలపడంతోనే పశువులు మళ్ళీ ఆయన దగ్గరికి చేరతాయి.

రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇష్టం లేకుండా వధలో భాగమైన దేవుడు ఒకచోట. పొడుస్తూ ముఖం తిప్పుకున్న దేవుడు ఇంకోచోట. ఈ పోలికని పాశ్చాత్య పండితులు కూడా గమనించారు. దీన్నిబట్టి ఒకటి నుంచి ఇంకోటి వచ్చిందని చెప్పేయలేం. మధ్యలో వెయ్యేళ్ళ దూరం, మూడు నాలుగు భాషలు ఉన్నాయి. పోలిక ఉందంటే నిజం, కాపీ కొట్టారంటే మాత్రం ఋజువు లేదు. ఈ రెండు వాక్యాల మధ్య తేడా తెలిస్తే సగం ఫార్వర్డులు మన దగ్గరే ఆగిపోతాయి.

ఏడు మెట్లు, మాల వేసుకున్న స్వాములు

మిథ్రాస్ భక్తులకి ఏడు మెట్లున్నాయి. కాకి, పెళ్ళికొడుకు, సైనికుడు, సింహం, పర్షియన్, సూర్యదూత, తండ్రి. ఒక్కో మెట్టుకీ ఒక్కో గ్రహం కాపలా. వరసగా బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, చంద్రుడు, సూర్యుడు, శని. రోమ్ దగ్గర ఓస్టియా అనే రేవు పట్నంలో ఒక మిథ్రేయం నేల మీద ఈ ఏడు మెట్ల గుర్తులూ మొజాయిక్‌లో ఇప్పటికీ నిచ్చెనలా కనిపిస్తాయి.

మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే కార్తీకంలో మన ఆఫీసు లిఫ్టులో నల్లబట్టల్లో కనిపించే అయ్యప్ప స్వాముల్ని గుర్తు చేసుకోండి. మొదటిసారి మాల వేసుకుంటే కన్నెస్వామి. తర్వాత కత్తిస్వామి, గంటస్వామి, గదస్వామి, అలా ఏళ్ళు గడిచాక గురుస్వామి. మేనేజర్ కన్నెస్వామి అయి, ఆయన డ్రైవర్ గురుస్వామి అయితే, పీఠం దగ్గర ఎవరి కాళ్ళకి ఎవరు దణ్ణం పెడతారు? మేనేజరే. బయటి హోదా మాల దగ్గర ఆగిపోతుంది. మిథ్రేయంలోనూ కొంత అలాంటిదే జరిగేది. అధికారి, కింది సైనికుడు, బానిసగా పుట్టి విడుదలైనవాడు ఒకే అరుగు మీద కూర్చుని తినేవారు. చెయ్యి కలిపి దీక్షలోకి వచ్చినవాళ్ళు కాబట్టి, చేతులు కలిపినవాళ్ళం అని అర్థం వచ్చే మాటతో తమని పిలుచుకునేవారు. తేడా కూడా చెప్పాలి. మన దీక్షలో రహస్యం లేదు. భజన వీధంతా వినపడుతుంది, అన్నప్రసాదం ఎవరొచ్చినా పెడతారు.

సైనికుడి మెట్టు దీక్ష గురించి తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత రాశాడు. కత్తి మొన మీద కిరీటం ఇస్తారట. దీక్ష తీసుకునేవాడు దాన్ని తల మీంచి పక్కకి తోసేసి, నా కిరీటం మిథ్రాసే అనాలట. ఆ తర్వాత జీవితంలో ఎప్పుడూ తలకి కిరీటం పెట్టుకోకూడదు, సైన్యం గౌరవంగా ఇచ్చినా సరే. తెర్తుల్లియన్‌కి ఈ మతం అంటే అస్సలు పడదు. అయినా ఆ నిష్ఠని చూపించి, వాళ్ళని చూసైనా సిగ్గు తెచ్చుకోండని తన క్రైస్తవ సైనికుల్నే మందలించాడు. ఎదుటివాడి నిష్ఠని ఒప్పుకోవడానికి మనం వాడి మతంలోకి మారక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి. రోమ్‌లో సాంటా ప్రిస్కా చర్చి కింద దొరికిన మిథ్రేయం గోడల మీద, ప్రతి మెట్టువాళ్ళనీ పలకరిస్తూ ఒక మాట రాసి ఉంది. ఆ మాట "నమ". అది లాటిన్ కాదు. ప్రాచీన ఇరానీ మాట, మన నమస్సుకి చుట్టం. రోమ్ నగరంలో, నేల కింద, గోడ మీద నమస్కారం. ఇది ఫార్వర్డ్ చేయండి, ఇది నిజం.

ఇద్దరూ ఒక్కరేనా?

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. మన ఫీల్డ్ భాషలో చెప్తాను. ఒకే రిపాజిటరీ నుంచి రెండు ఫోర్కులు వెళ్ళాయనుకోండి. ఒకటి ఇండియాలో, ఒకటి ఇరాన్‌లో. కొన్ని వందల ఏళ్ళ తర్వాత ఇరాన్ వైపు నుంచి ఎవరో పేరు, టోపీ, కొన్ని మాటలు తీసుకుని రోమ్‌లో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఫోల్డర్ పేరు ఒకటే. లోపల కోడ్ చాలావరకు కొత్తది. మిత్ర, మిథ్ర, మిథ్రాస్ సంగతి ఇదే.

మొదటి ఫోర్కు ఎంత పాతదో చెప్పే ఆధారం టర్కీలో దొరికింది. బోఘజ్‌కోయ్ అనే చోట 20వ శతాబ్దం మొదట్లో మట్టి పలకలు బయటపడ్డాయి. క్రీ.పూ. 14వ శతాబ్దంలో హిట్టైట్ రాజు, మితన్ని రాజు చేసుకున్న సంధిపత్రం అందులో ఉంది. సాక్షులుగా ఎంతోమంది దేవతల పేర్లున్నాయి. వాటిలో మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులు ఉన్నారు. నాసత్యులంటే మన అశ్వినీదేవతలు. సంధికి సాక్షిగా మిత్రుణ్ణి పిలవడం యాదృచ్ఛికం కాదు. మిత్ర అన్న మాటకి మూలార్థం ఒప్పందం, కట్టుబాటు అని 1907లో ఫ్రెంచ్ భాషావేత్త ఆంత్వాన్ మెయ్యే చూపించాడు. ఇచ్చిన మాట మనిషిని మనిషితో కడుతుంది. ఆ కట్టులోంచే స్నేహం అన్న అర్థం వచ్చింది.

ఋగ్వేదం మూడో మండలంలో మిత్రుడికొక్కడికే ఒక సూక్తం ఉంది, విశ్వామిత్ర మహర్షిది. మనుషుల్ని ఎవరి చోట వాళ్ళని కుదురుగా నిలిపేవాడిగా, రెప్ప వేయకుండా చూసేవాడిగా ఆయన అందులో కనిపిస్తాడు. మన తైత్తిరీయ శాఖవాళ్ళ సంధ్యావందనంలో పొద్దుటి ఉపస్థానం మిత్రుడి మంత్రాలతోనే. సాయంత్రం వరుణుడివి. తైత్తిరీయోపనిషత్తు శాంతిమంత్రంలో మొట్టమొదట వచ్చే దేవత పేరూ మిత్రుడిదే.

అటు ఇరాన్‌లో అవెస్తా గ్రంథంలో మిథ్రకి ఒక పెద్ద స్తోత్రమే ఉంది. వెయ్యి చెవులు, పదివేల కళ్ళు ఉన్నవాడు. మాట తప్పినవాణ్ణి వదలడు. అలా మాట తప్పినవాడికి అవెస్తాలో ఉన్న పదం "మిథ్రో ద్రుజ్". మన తెలుగులో ఏమంటాం? మిత్రద్రోహి. మూడువేల ఏళ్ళ కిందట విడిపోయిన రెండు కొమ్మల్లో అదే తిట్టు మిగిలింది. నమ్మకద్రోహం చేసినవాణ్ణి మనం ఇప్పటికీ ఆ పేరుతోనే తిడుతున్నాం.

ఇక రోమ్ మిథ్రాస్. బెల్జియం పండితుడు ఫ్రాంజ్ క్యూమాన్ (1868-1947) ఈ మతమంతా ఇరాన్ నుంచి నేరుగా వచ్చిందన్నాడు. చాలాకాలం అందరూ అదే నమ్మారు. 1971లో మాంచెస్టర్‌లో జరిగిన సదస్సులో ఆ వాదాన్ని గట్టిగా ప్రశ్నించారు. గుహలు, ఏడు మెట్లు, ఎద్దు బొమ్మ ఇరాన్‌లో ఏవి అని అడిగారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది ఏంటంటే, పేరూ కొన్ని గుర్తులూ తూర్పువి, మతం కట్టుబడి మాత్రం రోమన్ ప్రపంచంలోనే జరిగింది.

అంటే మొదటి మాటకి జవాబు ఇది. రోమన్ సైనికులు వేదంలోని మిత్రుణ్ణి పూజించలేదు. మన మిత్రుడితో పేరులో చుట్టరికం ఉన్న దేవుణ్ణి, తమదైన పద్ధతిలో పూజించారు. సైన్యం మొత్తం కూడా కాదు. జూపిటర్ నుంచి ఊరి దేవతల దాకా సైనికులకి ఎందరో దేవుళ్ళున్నారు, మిథ్రాస్ వాళ్ళలో ఒకడు.

మన దేశంలోకి ఆయన ఏ దారిలో వచ్చాడు?

రోమ్‌తో మన తెలుగు నేలకి వ్యాపారం బాగా ఉండేది. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల పెద్ద కుప్పే దొరికింది, 1,500కి పైగా. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలూ దొరికాయి, అక్కడి శిల్పాల్లో శకుల వేషంలో ఉన్న సైనికులూ కనిపిస్తారు. ఇంత రాకపోకలున్నా మన దేశంలో మిథ్రేయం ఒక్కటి కూడా బయటపడలేదు. రోమ్ డబ్బు వచ్చింది, రోమ్ మిథ్రాస్ రాలేదు.

వచ్చింది ఇరాన్ వైపు మిథ్ర. కుషాణుల నాణేల మీద "మియిరో" అనే పేరుతో తల చుట్టూ కిరణాలున్న దేవుడిగా కనిపిస్తాడు. మిథ్ర పేరు నోళ్ళలో నలిగి మిహ్ర్, మిహిర, మెహర్ అయింది. వరాహమిహిరుడి పేరులో ఉన్న మిహిరుడు ఆయనే, అంటే సూర్యుడు. ఆ వరాహమిహిరుడే ఆరో శతాబ్దంలో బృహత్సంహితలో సూర్య విగ్రహానికి ఉత్తరాదివాళ్ళ వేషం వేయాలని, పాదాల నుంచి ఛాతీ దాకా కప్పి ఉంచాలని రాశాడు. సూర్య ప్రతిష్ఠ చేయాల్సినవాళ్ళు మగులు అన్నాడు. కృష్ణుడి కొడుకు సాంబుడు కుష్ఠు పోగొట్టుకోవడానికి సూర్యుణ్ణి ఆరాధించి, శాకద్వీపం నుంచి మగ బ్రాహ్మణుల్ని తీసుకొచ్చిన కథ భవిష్య పురాణంలో ఉంది. ఉత్తరాది సూర్య విగ్రహాలకి బూట్లు కనిపించేది ఈ సంప్రదాయం వల్లే. దక్షిణాది శిల్పుల చేతిలోకి వచ్చేసరికి సూర్యుడు బూట్లు విప్పేశాడు. రెండు చేతుల్లో భుజాల దాకా పద్మాలు పట్టుకుని, ఒట్టి పాదాలతో మనవాడైపోయాడు. శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో పొద్దుటి కిరణాలు స్వామి పాదాల్ని తాకడం చూడ్డానికి జనం అంత దూరం నుంచి వెళ్ళేది ఆ పాదాల కోసమే కదా.

బంజారా హిల్స్ నుంచి అరగంట దూరంలో

మిథ్ర పేరు ఈ రోజుకీ పూజలో నిలిచున్న చోటు చూడాలంటే రోమ్ వెళ్ళక్కర్లేదు. రోడ్ నంబర్ 12లో బండెక్కితే అబిడ్స్ తిలక్ రోడ్డు ఎంతో దూరం కాదు. అక్కడ పార్సీల అగ్ని దేవాలయం ఉంది, 1904 నాటిది. సికింద్రాబాద్‌లో ఎంజీ రోడ్డులో ఉన్నది ఇంకా పాతది, 1847లో కట్టింది. నిజాం కాలంలో ఇక్కడ పెద్ద షావుకార్లుగా పేరు తెచ్చుకున్న విక్కాజీ, పేస్తన్‌జీ సోదరులు కట్టించారు. వాళ్ళ ఇంకో పేరేంటో తెలుసా? మెహర్జీ. సికింద్రాబాద్‌లోనే 1920లో కట్టిన మూడోదాని పేరులో దర్-ఎ-మెహర్ అన్న మాట ఉంది. దర్-ఎ-మెహర్ అంటే మెహర్ వాకిలి, మిథ్ర గుమ్మం. అగ్ని దేవాలయానికి పార్సీలు వాడే పేరే అది. వాళ్ళ క్యాలెండర్‌లో ఏడో నెల మెహర్, ప్రతి నెలా పదహారో రోజు మెహర్.

లోపలికి పార్సీలు కానివాళ్ళకి ప్రవేశం లేదు. అది వాళ్ళ నియమం, గౌరవించి బయటి నుంచే దణ్ణం పెట్టుకుని రావాలి. ఇరాన్ నుంచి వలస వచ్చి, వెయ్యేళ్ళకి పైగా ఈ దేశంలో ఆ అగ్నిని ఆరనివ్వకుండా కాపాడుకున్నవాళ్ళు. ఇప్పుడు మన ఊళ్ళో వాళ్ళ సంఖ్య చాలా తక్కువ.

మెహర్ అన్న పేరు తెలుగువాళ్ళకి ఇంకో దారిలోనూ తెలుసు. 1894లో పుణెలో ఇరానీ జొరాస్ట్రియన్ కుటుంబంలో పుట్టిన మెహర్ బాబా 1953లో, 1954లో ఆంధ్ర ప్రాంతంలో పర్యటించారు. ఆయన భక్తుల ఇళ్ళల్లో పిల్లలకి ఆ పేరు పెట్టుకున్నారు. పాతబస్తీలో ఎవరికైనా సాయం చేస్తే "మెహర్బానీ" అంటారు చూడండి, అందులో ఉన్నదీ ఈ మెహరే. మిత్రుడు, మెహర్బానీ. ఒకే మాట రెండు దారుల్లో తిరిగి హైదరాబాద్‌లో మళ్ళీ కలిసింది. పార్సీది, ముస్లింది, హిందువుది అని ఆ మాటని ముక్కలు చేయడం మన వల్ల కాదు.

డిసెంబర్ 25, చర్చి

రెండో మాట. మిథ్రాస్ డిసెంబర్ 25న పుట్టాడని ఏ ప్రాచీన ఆధారమూ చెప్పదు. ఆయన రాతిలోంచి పుట్టినట్టు బొమ్మలున్నాయి, తేదీ లేదు. క్రీ.శ. 354 నాటి ఒక రోమన్ క్యాలెండర్‌లో ఆ రోజున "అజేయుడి జన్మదినం" అని ఉంది. అది సోల్ ఇన్విక్టస్, అంటే ఓటమి లేని సూర్యుడిదని ఎక్కువమంది అర్థం చేసుకుంటారు. ఆ సూర్యుడికి అరేలియన్ చక్రవర్తి 274లో రోమ్‌లో గుడి కట్టించాడు. అది ప్రభుత్వం నడిపిన బహిరంగ ఆరాధన. మిథ్రాస్‌ని కూడా అజేయ సూర్యుడని పిలిచేవారు కాబట్టి తర్వాతివాళ్ళు రెండూ కలిపేశారు. క్రిస్మస్ తేదీ ఎలా వచ్చిందన్నది క్రైస్తవ చరిత్రకారులే ఇంకా వాదించుకుంటున్న విషయం. ఆ గొడవలోకి మన మిత్రుణ్ణి లాగక్కర్లేదు.

మూడో మాటలో కొంత నిజముంది. 308లో కార్నుంటుమ్‌లో రోమన్ చక్రవర్తులు సమావేశమై మిథ్రాస్‌ని తమ సామ్రాజ్య రక్షకుడిగా కొలిచి బలిపీఠం పెట్టించారు. ఆ తర్వాత వందేళ్ళు కూడా గడవకముందే, 391, 392లో థియోడోసియస్ చక్రవర్తి పాత దేవతల పూజల్ని నిషేధించాడు. కొన్ని మిథ్రేయాల్ని పగలగొట్టారు. కానీ అన్నీ అలా పోలేదు. కొన్ని ఎవరూ రాక మెల్లగా ఖాళీ అయ్యాయి. సిరియాలో దురా యూరోపోస్ కోటలో ఉన్నదైతే 256 ప్రాంతంలో సస్సానియన్ల దాడిలో కోటతోపాటే పోయింది. పర్షియన్ టోపీ పెట్టుకున్న దేవుడి గుడి పర్షియన్ సైన్యం చేతిలో పోయిందన్నమాట!

మనకి దీంట్లో ఏముంది?

ఒక్క మాటలో చెప్పాలంటే, బ్యాకప్ ఉంది. మిథ్రాస్ భక్తులు రాసుకున్న గ్రంథం ఒక్కటి కూడా మనకి చేరలేదు. అంతా చిన్న చిన్న గదుల్లో, మగవాళ్ళ మధ్యే, రహస్యంగా ఉండిపోయింది. ఇంట్లో అమ్మ పిల్లలకి చెప్పే దారి లేదు, బామ్మ పాడే పాట లేదు. దండు కదిలితే గుడి ఖాళీ. ఆజ్ఞ రాగానే తలుపు మూసేస్తే, మళ్ళీ తెరవడానికి లోపల ఏముండేదో తెలిసినవాడు లేడు. ఇవాళ మనం ఆ దేవుణ్ణి రాళ్ళు చూసి ఊహించుకోవాలి.

వేదం అలా పోలేదు. రాతే లేకుండా గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వచ్చింది. పదం, క్రమం, జట, ఘనం అని మాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పి చదువుతారు. ఒక్క స్వరం జారినా పట్టుబడుతుంది. డేటా పాడవకుండా మనం పెట్టే చెక్‌సమ్ లాంటిదే అది. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది కూడా. దానికి తోడు నోము ఉంది, పండగ ఉంది, రథసప్తమినాడు తలమీద జిల్లేడాకులు పెట్టి స్నానం చేయించే నాయనమ్మ ఉంది. ఇన్ని చోట్ల కాపీలున్నాయి కాబట్టే నిలిచింది.

కానీ గర్వపడే ముందు ఒక లెక్క వేసుకుందాం. మీ ఇంట్లో ఆ కాపీ ఇప్పుడు ఎవరి దగ్గరుంది? మీకు వచ్చా? నాయనమ్మతోనే ఆగిపోయిందా? మూడు తరాల సంగతి ఒక్క మనిషి మీద నిలబడితే, మనిల్లు కూడా మిథ్రేయమే. ఆజ్ఞ ఇవ్వడానికి థియోడోసియస్ కూడా అక్కర్లేదు. మన బిజీ చాలు.

అందుకే ఈ వారం రెండు పనులు చెప్తాను, రెండూ చిన్నవే. కేబీఆర్ పార్కులోనో, మీ మేడమీదో సూర్య నమస్కారాలు చేస్తారు కదా. పన్నెండు నామాల్లో మొదటిది మిత్ర. ఆ మొదటి నమస్కారం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎవరికి ఇచ్చిన మాట బాకీ ఉందో గుర్తు చేసుకోండి. ఫోన్ చేస్తానని అమ్మకి చెప్పి ఉండొచ్చు. ఫ్రెండ్ దగ్గర తీసుకున్న డబ్బు కావచ్చు. సాయంత్రంలోపు అది తీర్చేయండి. మిత్రుడి పూజ అంటే మాట నిలబెట్టుకోవడం. రెండోది, ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక్క శ్లోకమైనా, ఒక్క నోము కథైనా నోటితో నేర్చుకోండి. రికార్డ్ చేసి పెట్టుకోవడం మంచిదే, కానీ నోటికి రావాలి.

ఆ మెసేజ్ మళ్ళీ మీ గ్రూపులోకి వస్తే పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకోకండి. "బాబాయ్, ఇందులో కొంత నిజం ఉంది, నిజమైన ముక్క ఇంకా బావుంటుంది" అని మిత్రద్రోహి అన్న మాట కథ చెప్పండి, గోడ మీది నమ గురించి చెప్పండి. మాటకి కట్టుబడే దేవుడి పేరు మీద మాట తూలడం బాగోదు కదా. పదివేల కళ్ళతో చూస్తున్నాడాయన.

వచ్చే వీడియోలో ద్వాదశాదిత్యుల్లో అర్యముడి గురించి మాట్లాడుకుందాం. పెళ్ళి మంత్రాల్లో ఆయన ఎందుకొస్తాడో అప్పుడు చూద్దాం.

శుభం.